జిల్లా పేజీనా, ఎడిట్ పేజీనా, ఇంగ్లిష్ పత్రికనా? మీ వ్యాసం ఎక్కడికి పంపాలి

నల్లగొండ క్లాక్ టవర్ దగ్గర ఒక దంతవైద్యుడి క్లినిక్ ఉంది. వెయిటింగ్ హాలు గోడకు లామినేషన్ చేయించిన పేపర్ కటింగ్ ఒకటి వేలాడుతుంటుంది. పళ్ల మీద గోధుమరంగు చారలు ఎందుకొస్తాయి, ఫ్లోరైడ్ నీళ్లు తాగే ఊళ్లలో పిల్లల విషయంలో ఏం చూసుకోవాలి అని ఆయన జిల్లా పేజీకి రాసిన చిన్న వ్యాసం అది. ఆ తర్వాత చాలా కష్టపడి, మూడుసార్లు తిరగరాసి, ఒక ఇంగ్లిష్ దినపత్రికలో కూడా రాశారు. రెండిట్లో ఏది పనికొచ్చిందని ఒకసారి అడిగాను.

"ఇంగ్లిష్‌ది చూసి హైదరాబాద్‌ల క్లాస్‌మేట్లు ఫోన్ చేసిన్రు. గోడ మీదిది చూసి మర్రిగూడ దిక్కు నుంచి వచ్చినోళ్లు అడుగుతరు, సార్, ఇది మీరే రాసిన్రా అని" అన్నారు.

అలాగని ఇంగ్లిష్ వ్యాసం వృథా పోలేదు. ఏడాది తర్వాత ఒక డెంటల్ కాలేజీ వాళ్లు సదస్సుకు పిలిచింది దాన్ని చూసే. గోడ మీది కటింగ్ ఎంత పెద్దదైనా ఆ పిలుపు తెచ్చేది కాదు.

నేను నల్లగొండ, మహబూబ్‌నగర్ డెస్కుల్లో చాలా ఏళ్లు సబ్ ఎడిటర్‌గా చేశాను. ఇప్పుడు బయట ఉన్నాను. డాక్టర్లు, లాయర్లు, సీఏలు, లెక్చరర్లు, ఎరువుల షాపుల వాళ్లు అందరూ అడిగేది ఒకటే: "మనది ఏ పేపర్ల వస్తే మంచిది?" ఈ ప్రశ్నకు ముందు ఇంకో ప్రశ్న ఉంది. మిమ్మల్ని ఎవరు నమ్మాలి? పేషెంటా, తోటి డాక్టరా, యూనివర్సిటీ సెలక్షన్ కమిటీనా, బ్యాంకు మేనేజరా? ఆ మనిషి పొద్దున ఏం చదువుతాడో అక్కడికే మీ వ్యాసం పోవాలి. చాలామంది దీన్ని తిరగేసి, ముందు పెద్ద పేరున్న పత్రికను ఎంచుకుని తర్వాత విషయం వెతుక్కుంటారు.

ఏ కొలతలతో చూడాలి

మొదటిది పైన చెప్పిందే, ఎవరి నమ్మకం కావాలన్నది.

రెండోది వడపోత. ఎంతమంది రాసినవి తిప్పి పంపుతారో, వేసిన వ్యాసానికి అంత విలువ. పంపిన ప్రతిదీ వేసే చోట మీ పేరు కనిపిస్తే అది మీ ఫోన్ స్టేటస్‌లో కనిపించినట్టే.

మూడోది, ఎన్నాళ్లు దొరుకుతుందన్నది. దినపత్రిక మరుసటి రోజుకు మిర్చి బజ్జీల పొట్లం అవుతుంది. మాసపత్రికను దాచుకుంటారు. వెబ్‌లో వచ్చింది మీ పేరు వెతికితే నాలుగేళ్ల తర్వాత కూడా దొరకొచ్చు.

నాలుగోది శ్రమ, ఎదురుచూపు. ఐదోది మీ వృత్తి నియమాలు. దీన్ని ఎవరూ అడగరు, ఇబ్బంది వచ్చాకే గుర్తొస్తుంది. అందుకే దాని గురించి విడిగా రాస్తాను.

పారితోషికాన్ని లెక్కలోకి తీసుకోకండి. వస్తే సంతోషం, అంతే.

| ఎక్కడ | ఎవరు చదువుతారు | వడపోత | ఎదురుచూపు | ఎన్నాళ్లు పనికొస్తుంది |
|---|---|---|---|---|
| జిల్లా పేజీ | మీ ఊరు, చుట్టుపక్కల మండలాలు | తక్కువ నుంచి మధ్యస్థం | రోజులు | కటింగ్ దాచుకుంటే ఉన్నన్నాళ్లు |
| ఎడిట్ పేజీ (సంపాదకీయం వచ్చే పేజీ) | అధికారులు, టీచర్లు, నాయకులు, పోటీ పరీక్షల వాళ్లు | ఎక్కువ | వారం, రెండు వారాలు | కొన్ని నెలలు |
| వ్యవసాయ మాసపత్రిక | రైతులు, డీలర్లు, వ్యవసాయ అధికారులు | మధ్యస్థం | నెల, రెండు నెలలు | ఏళ్లు |
| వృత్తి జర్నల్ | మీ తోటివాళ్లు | చాలా ఎక్కువ | నెలలు | ఉద్యోగం ఉన్నన్నాళ్లు |
| ఇంగ్లిష్ పత్రిక | నగరం, బయటి రాష్ట్రాలు | చాలా ఎక్కువ | వారాలు | ఏళ్లు |
| వెబ్ పత్రిక | ఎవరు వెతికితే వాళ్లు | పత్రికను బట్టి | రోజులు | లింకు ఉన్నన్నాళ్లు |

ఈ లెక్కలు నేను డెస్కులో కూర్చుని చూసినవి. మీ అనుభవం కొంచెం అటూ ఇటూ ఉండొచ్చు.

జిల్లా పేజీ

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు కదా, చాలామందికి మొదటి మెట్టు ఇదే. పెద్ద తెలుగు దినపత్రికలన్నీ జిల్లాకో ఎడిషన్ వేస్తాయి. అందులో రోజూ వార్తలే ఉన్నా, సీజన్ మారినప్పుడు నిపుణుల మాట కోసం డెస్కు నిజంగానే వెతుక్కుంటుంది. ఏప్రిల్‌లో వడదెబ్బ, వానలు పడగానే పాముకాట్లు, బత్తాయి తోటల్లో కాయ రాలేటప్పుడు తోటల యాజమాన్యం, జూన్‌లో కాలేజీ అడ్మిషన్లు. ఆ సీజన్‌కు రెండు వారాల ముందే మీ వ్యాసం డెస్కులో ఉంటే సగం పని అయిపోయినట్టే. సీజన్ వచ్చాక పంపితే అప్పటికే ఇంకెవరిదో పేజీలో పెట్టేసి ఉంటారు.

నిడివి 250 నుంచి 350 పదాలు, పక్కన మీ ఫొటో. మొదట ఊళ్లోని విలేకరిని కలవండి. కానీ వ్యాసం మాత్రం బ్యూరోకు గానీ డెస్కుకు గానీ మెయిల్‌లో పోవాలి. విలేకరి వాట్సాప్‌లో పడేస్తే అది పెళ్లిళ్ల ఫొటోల కింద ఎక్కడో కలిసిపోతుంది.

దీని లోపం పరిధి. 2016 అక్టోబరులో జిల్లాలు విడిపోయాక పేజీలు కూడా విడిపోయాయి. పాత నల్లగొండ ఇప్పుడు నల్లగొండ, సూర్యాపేట, యాదాద్రి భువనగిరి అయింది. పాత పాలమూరులో మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్, వనపర్తి, జోగులాంబ గద్వాల వేరయ్యాయి, 2019లో నారాయణపేట కూడా తోడైంది. సూర్యాపేటలో మీకు క్లయింట్లు ఉండి వ్యాసం నల్లగొండ పేజీలో వస్తే వాళ్ల ఇంటికొచ్చే పేపర్లో అది ఉండకపోవచ్చు. పంపేటప్పుడే "రెండు జిల్లాల పేజీల్లోనూ వాడుకునే వీలుందా" అని అడగండి. అడగందే అమ్మయినా పెట్టదు.

ఇంకో చేదు మాట కూడా చెప్పాలి. నేను పనిచేసిన ఒకచోట పంద్రాగస్టు దగ్గరపడితే విలేకరులకు యాడ్ల టార్గెట్ ఉండేది. వ్యాసం తెచ్చిన డాక్టర్నే యాడ్ అడిగేవారు. యాడ్ ఇచ్చినాయన వ్యాసం ముందు వచ్చేది, ఇవ్వనాయనది "స్థలం లేదు" అని ఆగేది. విలేకరిని తిట్టి లాభం లేదు, అతని జీతమే అంతంతమాత్రం. మీకు ఆ పరిస్థితి వస్తే రెండింటినీ కలపకండి. యాడ్ ఇవ్వాలనిపిస్తే యాడ్‌గానే ఇవ్వండి. వ్యాసం పెట్టించుకోవడానికి ఇచ్చిన యాడ్ సంగతి ఊళ్లో అందరికీ తెలుస్తుంది.

ఎడిట్ పేజీ

అందరి కన్నూ ఉండేది ఇక్కడే. 600 నుంచి 800 పదాలు, ఒకే వాదన, ఆ వారంలో జరిగిన ఏదో ఒక సందర్భం. ఈ మూడిట్లో ఏది లేకపోయినా వ్యాసం తిరిగొస్తుంది. నిజానికి తిరిగి కూడా రాదు, జవాబే ఉండదు.

హైదరాబాద్ డెస్కుల్లో "జిల్లాల నుంచి రాసేవాళ్లు ఎవరున్నారండీ" అనే మాట వినిపిస్తుంటుంది. పాత మాటే ఇది. తెలంగాణలో కవులే లేరని ఒకరంటే, పాలమూరు బిడ్డ సురవరం ప్రతాపరెడ్డి గోలకొండ పత్రిక తరఫున 354 మంది కవుల రచనలు సేకరించి 1934లో ఏకంగా ఒక సంచికగా అచ్చువేశారు. అంతకు ముందే 1922లో నల్లగొండ నుంచి నీలగిరి పత్రిక నడిచింది. రాసేవాళ్లు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. మనవాళ్లు పంపరు, అదీ సంగతి.

మీ పోటీ ఎవరితో అన్నది తెలుసుకోండి. రిటైరైన ఐఏఎస్‌లు, ప్రొఫెసర్లు, పార్టీల అధికార ప్రతినిధులు. సిద్ధాంతం, రాష్ట్రవ్యాప్త లెక్కలు వాళ్లు మీకంటే బాగా రాస్తారు. వాళ్ల దగ్గర లేనిది తహసీల్దార్ ఆఫీసు వరండా. భూమి రికార్డుల ధరణి పోర్టల్ పోయి 2025 ఏప్రిల్‌లో భూభారతి వచ్చినప్పుడు డెస్కులకు వ్యాసాలు కుప్పలుగా వచ్చి ఉంటాయి. చట్టంలో ఏముందో అందరూ రాస్తారు. కానీ రిజిస్ట్రేషన్ లేకుండా తెల్లకాగితం మీద రాసుకున్న భూమి అమ్మకం పత్రం, అదే సాదా బైనామా, పట్టుకుని వచ్చిన రైతుకు, అమ్మినాయన చనిపోయి కొడుకులు ఊళ్లో లేకపోతే, విచారణలో ఏమవుతుందో దేవరకొండలో రోజూ భూమి కేసులు చూసే లాయరు రాయగలడు. ఎడిట్ పేజీ ఇన్‌చార్జి పట్టుకునేది ఆ ఒక్క పేరానే. దాన్ని వ్యాసం చివర్లో దాచకండి, మొదటికే తెచ్చి పెట్టండి.

చిక్కులు రెండున్నాయి. మన పత్రికల్లో దాదాపు ప్రతిదానికీ ఒక రాజకీయ నీడ ఉంది. ఏది ఎవరిదో నేను చెప్పనక్కర్లేదు, టీ కొట్టు దగ్గర పేపర్ తిరగేసే ఎవరినడిగినా చెప్తారు. అన్ని పార్టీల వాళ్లూ మీ దగ్గరికి వచ్చే వృత్తి అయితే ఒకే పత్రికలో వరసగా రాయడం మీ మీద ముద్ర వేస్తుంది. ఇక రెండోది శీర్షిక. అది మీ చేతిలో ఉండదు. వరి మళ్లలో జింకు లోపం గురించి ఒక వ్యవసాయాధికారి రాసిచ్చిన సాదాసీదా వ్యాసానికి, నేనున్న డెస్కులోనే ఎవరో "రైతును ముంచిన సర్కారు" అనే ధోరణిలో శీర్షిక పెట్టారు. లోపల ఆ మాటే లేదు. పాపం ఆయన పై అధికారికి సంజాయిషీ రాసుకోవాల్సి వచ్చింది. అప్పటి నుంచీ నేను అందరికీ చెప్తున్నాను: శీర్షిక మీరే రెండు రకాలుగా రాసి పంపండి, ఉద్యోగులైతే "శీర్షిక మార్చితే ఒక్క మాట చెప్పగలరు" అని మెయిల్‌లో ఒక వాక్యం పెట్టండి. ప్రతిసారీ వినరు, కానీ చాలాసార్లు వింటారు.

వ్యవసాయ మాసపత్రికలు

రైతులతో పని ఉన్నవాళ్లకు నా ఓటు వీటికే. రైతునేస్తం లాంటి మాసపత్రికల పాత సంచికలు ఊళ్లో ఎరువుల షాపు బల్ల మీద రెండేళ్లయినా పడి ఉంటాయి. బత్తాయికి వేరుకుళ్లు వచ్చినప్పుడు అప్పటికప్పుడు తీసి చదువుతారు. దినపత్రికకు ఆ యోగం లేదు.

ఇక్కడ పోటీ శాస్త్రవేత్తలతో. మన ప్రాంతంలో పాలెం పరిశోధన స్థానం, కంపాసాగర్ కృషి విజ్ఞాన కేంద్రం ఉన్నాయి, వాళ్లు రాస్తూనే ఉంటారు. వాళ్ల సిఫారసునే మళ్లీ రాసి పంపితే వేయరు. ఆ సిఫారసును మీ మండలంలో రైతు ఎక్కడ తప్పుగా పాటిస్తున్నాడో రాస్తే వేస్తారు. మోతాదు రాసేటప్పుడు లీటరు నీటికెంత, ఎకరాకెంత అన్నది స్పష్టంగా, విశ్వవిద్యాలయం సిఫారసుతో సరిచూసి రాయాలి. ఒక సున్నా తేడా వస్తే పంటే పోతుంది.

డీలర్లకు ఒక మాట. ఎరువులు, పురుగుమందుల డీలర్ల కోసం పెట్టిన దేశీ (DAESI) డిప్లొమా చేసినవాళ్లు మనదగ్గర చాలామంది ఉన్నారు, రాయగలిగినవాళ్లూ ఉన్నారు. కానీ మీరు అమ్మే కంపెనీ మందు పేరు వ్యాసంలో ఒక్కసారి కనిపించినా అది వ్యాసం కాదు, కరపత్రం. మందు సాంకేతిక నామం మాత్రమే రాయండి. షాపు పేరు మీ పరిచయ వాక్యంలో కూడా వద్దు, ఊరి పేరు చాలు. వెతుక్కుంటూ వచ్చేవాళ్లు వస్తారు.

వృత్తి జర్నళ్లు

సీఏలకు వాళ్ల జాతీయ సంస్థ ఐసీఏఐ నెలనెలా వేసే ది చార్టర్డ్ అకౌంటెంట్ ఉంది. డాక్టర్లకు వాళ్ల సంఘాల జర్నళ్లు, లాయర్లకు తీర్పుల పత్రికలు ఉన్నాయి. ఆర్థిక, సామాజిక విషయాలు రాసే లెక్చరర్లకు ముంబయి నుంచి వచ్చే ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీ ఉంది. అందులో పరిశోధన వ్యాసం పడాలంటే నెలలు పడుతుంది గానీ, పడితే దాని బరువు వేరు.

ఊళ్లో ఒక్కరు కూడా వీటిని చదవరు. చదవాల్సిన పని కూడా లేదు. మహాత్మాగాంధీ యూనివర్సిటీలోనో పాలమూరు యూనివర్సిటీలోనో ఇంటర్వ్యూ బోర్డు ముందు కూర్చున్నప్పుడు లెక్కకు వచ్చేవి ఇవే, ఎడిట్ పేజీ కటింగులు కావు.

ఇక్కడే మోసం కూడా ఎక్కువ. "నాలుగు రోజుల్లో పబ్లికేషన్, సర్టిఫికెట్ ఉచితం" అని మెయిల్ వస్తే ముట్టుకోకండి. ఇదివరకు నమ్మదగిన జర్నళ్ల పేర్లతో ఉండే యూజీసీ కేర్ జాబితా చూసి కొంత తేల్చుకునేవాళ్లం. 2025లో యూజీసీ ఆ జాబితాను ఆపేసి, మంచి జర్నల్ ఏదో తేల్చుకునే పని విద్యాసంస్థలకే వదిలింది. కాబట్టి డబ్బు కట్టేముందు మీ డిపార్ట్‌మెంట్‌లో సీనియర్‌ను అడగండి. సంపాదకవర్గంలో ఉన్నారని చెప్పే ఇద్దరు ప్రొఫెసర్ల పేర్లు వాళ్ల యూనివర్సిటీ వెబ్‌సైట్‌లో వెతకండి. నిజంగానే ఉన్నారా, వాళ్ల పేజీలో ఈ జర్నల్ ప్రస్తావన ఉందా చూడండి. పది నిమిషాల పని.

ఇంగ్లిష్ పత్రికలు

పద్ధతిలోనే తేడా ఉంది. తెలుగు పత్రికకు పూర్తి వ్యాసమే పంపాలి, "ఇలా రాద్దామనుకుంటున్నాను" అంటే ఎవరూ పట్టించుకోరు. ఇంగ్లిష్ పత్రికల్లో, వెబ్ పత్రికల్లో చాలాచోట్ల ముందు ఐదారు వాక్యాల్లో ప్రతిపాదన పంపాలి: విషయం ఏమిటి, ఇప్పుడే ఎందుకు, మీరే ఎందుకు. వాళ్లు సరే అన్నాకే రాయాలి. పాఠకుల అనుభవ వ్యాసాలు వేసే పేజీలకు మాత్రం నేరుగా పూర్తి వ్యాసం పోతుంది. పంపే ముందు ఆ పత్రిక సూచనలు ఒకసారి చదవండి.

మనవాళ్లకు ఇంగ్లిష్ భయం, అందుకే ఢిల్లీ విషయాలు ఢిల్లీవాళ్లలా రాయడానికి చూస్తారు. ఢిల్లీలో కూర్చున్న ఎడిటర్‌కు ఢిల్లీ సంగతి మీరెందుకు చెప్పాలి? వాళ్ల దగ్గర లేనిది మన నేల. ఒక్క ఉదాహరణ చాలు. నీళ్లలో ఫ్లోరైడ్ తీసేందుకు పటిక, సున్నం వాడే పద్ధతిని నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ పరిశోధన సంస్థ నీరి తయారుచేసింది. దాని పేరే నల్లగొండ టెక్నిక్. ఇథియోపియా, టాంజానియాల్లో నీటి పని చేసే ఇంజినీర్లకు కూడా ఈ ఊరి పేరు ఆ పద్ధతి వల్లే తెలుసు. తాగేనీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదు, వేరే నీళ్లు దొరకని చోట 1.5 వరకు ఒప్పుకోవచ్చు అన్నది మన దేశ ప్రమాణం. మునుగోడు దిక్కు పాత బోర్ల నీళ్లు పరీక్షిస్తూ పదేళ్లు గడిపిన ఇంజినీరు, నల్లాల్లో భగీరథ నీళ్లు వచ్చాక కూడా ఆ బోర్లను ఎవరు, ఎందుకు వాడుతున్నారో రాస్తే ఏ ఎడిటరూ తేలిగ్గా పక్కన పెట్టడు. గద్వాల, నారాయణపేట చేనేతలో ఉన్నవాళ్లకైనా, ముంబయి, పుణె వలసల మీద పనిచేసే పాలమూరు స్వచ్ఛంద సంస్థల వాళ్లకైనా ఇదే మాట.

ఇంగ్లిష్ బాగా రాకపోతే? తెలుగులో రాసుకుని, ఇంగ్లిష్ టీచర్ స్నేహితుడితో కూర్చుని తిప్పుకోండి. మెషిన్‌తో తిప్పి అలాగే పంపితే మొదటి పేరాలోనే తెలిసిపోతుంది.

వెబ్ పత్రికలు, డబ్బులిచ్చే దారి

వెబ్ పత్రికను ఎంచుకునేముందు ఒక్కటి చూడండి, అక్కడ ఎడిటర్ అనే మనిషి ఉన్నాడా? వాళ్ల పాత వ్యాసాలు రెండు చదవండి. అచ్చుతప్పులతో, ఒకే పేరా రెండుసార్లు వచ్చి ఉంటే అక్కడ వడపోత లేనట్టే. ఎడిటర్ ఉన్నచోట వచ్చిన వ్యాసానికి లింకు ఒక ఆస్తి. కొత్త క్లయింట్ మీ పేరు ఫోన్‌లో వెతికినప్పుడు ముందు కనిపించేది అదే.

"మీ మీద ఫుల్ పేజీ వేస్తాం, ఇంత ఇవ్వండి" అని వచ్చేవాళ్ల దగ్గరికి పోకండి. అవార్డు కూడా ఇస్తామంటే అసలే పోకండి.

వృత్తి నియమాలు

లాయర్లకు బార్ కౌన్సిల్ 36వ నియమం ప్రకటనలనూ, పని అడుక్కోవడాన్నీ నిషేధిస్తుంది. మీరు వాదిస్తున్న కేసు గురించి పత్రికల్లో రాయించుకోవడం, ఆ సందర్భంలో ఫొటో వేయించుకోవడం కూడా దాని కిందికే వస్తుంది. చట్టాన్ని వివరించే వ్యాసం వేరు, "నా క్లయింట్‌కు జరిగిన అన్యాయం" వేరు. మొదటిది రాయండి. వ్యాసం కింద ఫోన్ నంబర్ పెట్టకండి.

డాక్టర్లకు ఇప్పుడు నడుస్తున్నవి 2002 నాటి నిబంధనలే. 2023 ఆగస్టులో కొత్తవి తెచ్చి, ఆ నెలలోనే ఆపేశారు. ప్రజారోగ్యం, పరిశుభ్రత లాంటి విషయాల మీద మీ పేరుతో పత్రికలకు రాయొచ్చు. మీకు మీరే ప్రచారం చేసుకుని పేషెంట్లను రప్పించుకునేలా రాయకూడదు. "మా ఆస్పత్రిలో ఈ ఆపరేషన్ విజయవంతం" అన్నది గీత దాటడమే. పేషెంట్ పేరు, ఊరు, ఫొటో ఏదీ గుర్తుపట్టేలా ఉండకూడదు. మండలం పేరు, వయసు, కులవృత్తి మూడూ రాస్తే పేరు రాయకపోయినా ఊళ్లో అందరూ గుర్తుపడతారు.

సీఏలను 1949 చట్టం ఆపుతుంది. ప్రకటన, క్లయింట్లను వేడుకోవడం రెండూ వృత్తి దుష్ప్రవర్తన కిందికే వస్తాయి. జీఎస్టీ మార్పు గురించి వివరించండి. సంస్థ పేరును పొగిడే మాటలు మాత్రం వద్దు.

ప్రభుత్వ ఉద్యోగులు ప్రవర్తన నియమాలు చదువుకుని, అనుమానం ఉంటే పై అధికారి అనుమతి కాగితం మీద తీసుకోవాలి. సర్కారు విధానాన్ని విమర్శించే రాతలు మీకు తగవు. ఎవరైనా సరే, అధికారినో వ్యాపారినో పేరుపెట్టి ఆరోపణ చేస్తే పరువునష్టం కేసు పత్రికతో పాటు మీ మీద కూడా పడుతుంది. ఇప్పుడది భారతీయ న్యాయ సంహిత 356వ సెక్షన్.

మీరైతే ఏది

ఊళ్లో ప్రాక్టీసు పెట్టి రెండు మూడేళ్లయిన డాక్టరుకు, ఫిజియోథెరపిస్టుకు జిల్లా పేజీ చాలు. ఏడాదికి నాలుగు సీజన్లు, నాలుగు వ్యాసాలు. ఎడిట్ పేజీ కోసం నిద్ర పాడుచేసుకోకండి.

లాయరుకు నేను దీనికి తిరగేసి చెప్తాను. జిల్లా పేజీలో లాయరు వ్యాసం ప్రకటనలా కనిపించే ప్రమాదం ఎక్కువ. ఎడిట్ పేజీలో చట్టం గురించి ఏడాదికి రెండు మంచి వ్యాసాలు పడితే తోటి లాయర్లే కేసులు మీ దగ్గరికి పంపుతారు. ఊరి లాయరుకు పని వచ్చేది ఎక్కువగా ఆ దారినే.

మిర్యాలగూడలో రైస్ మిల్లుల లెక్కలు చూసే సీఏ అయితే? ఇక్కడ నేను కొంచెం తటపటాయిస్తాను. మిల్లు యజమాని ఎడిట్ పేజీ చదవడు, జర్నల్ అసలే చదవడు. ఆయన నమ్మేది తోటి మిల్లరు మాట. అలాంటప్పుడు మిల్లర్ల సంఘం సమావేశంలో అరగంట మాట్లాడడం పది వ్యాసాల పెట్టు. రాయాలనే ఉంటే జర్నల్‌కు రాయండి. హైదరాబాద్‌లోని పెద్ద ఫర్మ్‌తో కలిసి పనిచేయాలనుకున్న రోజు అది అక్కరకొస్తుంది.

కాంట్రాక్టు లెక్చరర్‌కు మరో మాట లేదు, జర్నలే. కాకపోతే ఒక జర్నల్ వ్యాసంలోంచి ఒక ఎడిట్ పేజీ వ్యాసం తీయొచ్చు. పరిశోధనలో తేలిన ఒక్క సంగతి పట్టుకుని 700 పదాల్లో మామూలు తెలుగులో రాయండి. ముందు జర్నల్‌లో రానివ్వండి, తర్వాతే పత్రిక.

చేనేత డిజైనరు, చిన్న వ్యాపారి లాంటివాళ్ల కస్టమర్ ఎక్కడో ఉంటాడు. వాళ్లకు ఇంగ్లిష్, వెబ్.

మెయిల్ ఎలా ఉండాలి

"సంపాదకులకు నమస్కారం. నేను దేవరకొండలో పన్నెండేళ్లుగా భూమి కేసులు చూస్తున్న న్యాయవాదిని. సాదా బైనామా దరఖాస్తుల విచారణలో అమ్మకందారు చనిపోయిన సందర్భాల్లో వస్తున్న చిక్కుల మీద 700 పదాల వ్యాసం జతచేశాను. ఇది నా సొంత రచన. మరే పత్రికకూ పంపలేదు. పది రోజుల్లో మీ నిర్ణయం తెలియకపోతే మరోచోట ప్రయత్నిస్తాను."

ఇంతే. బిరుదులు, సన్మానాల జాబితా వద్దు. ఒకే వ్యాసాన్ని నాలుగు పత్రికలకు ఒకేసారి పంపే అలవాటు మనవాళ్లలో ఎక్కువ. ఒకరోజు రెండు పేపర్లలో అదే వ్యాసం వచ్చిందంటే రెండు డెస్కుల్లోనూ మీ పేరు గుర్తుండిపోతుంది, చెడ్డగా.

యూనికోడ్‌లో టైప్ చేసి వర్డ్ ఫైల్ పంపండి. చాలా డెస్కులు ఇప్పటికీ యూనికోడ్ కాని పాత అను ఫాంట్లలో పేజీలు పెడతాయి, మార్చుకునే పని వాళ్లు చూసుకుంటారు. ఆ మార్పిడిలో ఒత్తులు చెదురుతాయి కాబట్టి ముఖ్యమైన అంకెలు, పేర్లు మెయిల్లో విడిగా కూడా రాయండి. పీడీఎఫ్ పంపితే మళ్లీ టైప్ చేయాలి. అంత ఓపిక రాత్రి షిఫ్టులో ఎవరికీ ఉండదు.

జవాబు రాకపోతే ఒక్కసారి గుర్తు చేయండి. రెండోసారి వద్దు. అచ్చయిన వ్యాసం హక్కు, మీరు రాతపూర్వకంగా ఇచ్చేస్తే తప్ప, 1957 కాపీరైట్ చట్టం ప్రకారం మీదే. అందువల్ల సంతకం పెట్టమని ఫారం పంపితే చదివి పెట్టండి. తర్వాత ఆ వ్యాసాలన్నీ పుస్తకంగా వేసుకోవాలన్నా, ఇంగ్లిష్‌లోకి తిప్పుకోవాలన్నా అదే అడ్డం పడేది.

అచ్చయిన రోజు ఈ-పేపర్ లింకును నమ్ముకోకండి, కొన్నాళ్లకు తెరుచుకోకపోవచ్చు. పేజీ మొత్తం పీడీఎఫ్ దింపుకోండి, పేపర్ రెండు కాపీలు కొనండి, కత్తిరించేటప్పుడు పత్రిక పేరు, తేదీ, ఎడిషన్ ఉన్న పై అంచు కూడా ఉంచండి. క్లాక్ టవర్ డాక్టరు గోడ మీది కటింగ్‌కు ఆ అంచు లేదు. లామినేషన్ అందంగా రావాలని షాపువాడు చక్కగా కత్తిరించి పారేశాడు. అది ఏ సంవత్సరం వచ్చిందో ఇప్పుడు డాక్టరు గారికే గుర్తులేదు. మొన్న అడిగితే, "నాకు జుట్టున్నప్పుడు" అన్నారు.